పిల్లల బొమ్మల సినిమాల్లో దాగిన వివక్ష

పిల్లల కోసం తీసే యానిమేషన్ చిత్రాల్లో, టీవీ కార్టూన్లలో రంగు, ఒళ్లు, ఆడ మగ తేడా, యాస, కులం, మతం, అంగవైకల్యం వంటివాటిని బట్టి కొందరిని తక్కువచేసి చూపే అలవాటు ఈ వ్యాస విషయం. నల్లవాళ్లు చెడ్డవాళ్లని ఏ బొమ్మల సినిమా కూడా పిల్లలకు నేరుగా చెప్పదు. కథ చివర వచ్చే నీతి దాదాపు ఎప్పుడూ మంచిదే: స్నేహం, ధైర్యం, నిజాయితీ. దొంగకు ఏ రంగు పూశారు, ఎవరు జారిపడితే నవ్వించారు, ఎవరి చేతికి పిండివంటల పళ్లెం ఇచ్చారు, ఏ యాస ఎవరి నోట పెట్టారు అన్న చిన్న చిన్న నిర్ణయాల్లో వివక్ష ఉంటుంది. అందుకే పెద్దల కంట అంత సులువుగా పడదు.

హైదరాబాదు ఈ సినిమాలు చూసే ఊరే కాదు, చేసే ఊరు కూడా. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ ఇక్కడిదే. 2008లో పోగో ఛానెల్లో మొదలైన 'ఛోటా భీమ్' ఈ ఊళ్లో పుట్టిన బొమ్మ. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ 'ది జంగిల్ బుక్' ధారావాహికను ఇక్కడి స్టూడియోల్లోనే తయారుచేసి విదేశీ ఛానెళ్లకు పంపింది. 2006 సంవత్సరానికి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్ర పురస్కారం తెలుగు సినిమా 'కిట్టు'కు దక్కింది. అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం కూడా ఏళ్ల తరబడి ఈ నగరంలోనే జరిగింది. నగరానికి తూర్పున, అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోనే అనాజ్‌పూర్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. రామోజీ గ్రూపే 2021 ఏప్రిల్‌లో ఈటీవీ బాల భారత్ పేరుతో పిల్లల ఛానెల్‌ను పలు భారతీయ భాషల్లో తెచ్చింది. కాబట్టి ఇదంతా అమెరికావాళ్ల గొడవ అని పక్కకు తప్పుకునే వీలు మనకు లేదు.

మూస పుట్టే చోటు

మామూలు సినిమాలో నటుడి ఛాయ, ముక్కు, గొంతు అతనితోపాటే వస్తాయి. బొమ్మల సినిమాలో ప్రతి గీతా ఎవరో ఒకరు కూర్చుని ఎంచుకున్నదే. పాత్రకు ముందుగా మోడల్ షీట్ తయారవుతుంది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి పాత్ర ఎలా కనిపిస్తుంది, కోపమొస్తే కనుబొమలు ఎలా ముడుస్తుంది, పక్కనున్న పాత్ర కంటే ఎంత పొట్టి, ఒంటికి ఏ రంగు, బట్టలకు ఏ రంగు, అన్నీ అందులో ఖాయమవుతాయి. ఆ తర్వాత ఎంతమంది పనిచేసినా షీటు దాటకూడదు. విదేశీ కంపెనీల పని చేసే స్టూడియోలకు చాలాసార్లు షీటు కూడా అక్కడి నుంచే వస్తుంది. ఇక్కడి కళాకారుడికి చేతిపని మిగులుతుంది, నిర్ణయం మిగలదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య యానిమేషన్, మల్టీమీడియా కోర్సుల బోర్డులూ ఉంటాయి. ఈ చదువు ఎక్కడ చదివినా పాత్రల రూపకల్పనలో తొలి పాఠాల్లో ఒకటి ఆకారాల గురించే. గుండ్రంగా ఉంటే మంచివాడు, చదరంగా ఉంటే బలశాలి, మొనదేలి ఉంటే దుర్మార్గుడు. నీడను చూసినా పాత్ర ఎవరో పోల్చుకోగలగాలి. చూసేది మూడేళ్ల పిల్లలైనప్పుడు ఈ సూత్రంలో తప్పేమీ లేదు. ఆ మొనదేలిన ఆకారానికి కొక్కెం ముక్కు తగిలించి, కళ్లకు దట్టంగా కాటుక పెట్టి, ఒంటికి మిగతావాళ్ల కంటే ముదురు రంగు పూసినప్పుడే చిక్కు. అప్పుడా బొమ్మ ఏదో ఒక జాతి మనిషిలా, ఏదో ఒక పేట మనిషిలా తయారవుతుంది. గడువు తరుముకొస్తుంటే చెయ్యి అలవాటైన గీతనే గీస్తుంది. ఈ వివక్షలో ద్వేషం పాలు తక్కువ, తొందర పాలు ఎక్కువ అని నా అంచనా. చూసే పిల్లలకు మాత్రం రెండింటికీ తేడా తెలియదు.

టామ్ అండ్ జెర్రీ ఇంట్లో కాళ్లు

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చాక 'టామ్ అండ్ జెర్రీ' చూడని పిల్లలు నగరాల్లో అరుదు. ఆ ఇంట్లో చీపురు పట్టుకుని టామ్‌ను తరిమే ఒకావిడ ఉంటుంది. మొహం కనబడదు. ఇంట్లో వేసుకునే చెప్పులు, జారిన మేజోళ్లు, గౌను అంచు, నల్లని లావుపాటి కాళ్లు, పైనుంచి గద్దించే గొంతు, అంతే ఆవిడ. మమ్మీ టూ షూస్ అని పేరుపడ్డ ఆ పాత్ర, అమెరికా సినిమాలు నల్లజాతి పనిమనిషికి కేటాయించిన పాత మూస. 1940లో వచ్చిన మొదటి చిత్రం నుంచి 1952 దాకా ఆవిడ అలాగే ఉంది. నల్లజాతి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 1960ల్లో టీవీ కోసం ఆ కాళ్లను సన్నగా, తెల్లగా తిరగ్గీసి, ఐరిష్ యాస గొంతు అతికించారు. ఆవిడకు ఒక మొహం, ఒక పేరు ఇద్దామన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. తప్పు దిద్దడానికి మనిషినే తుడిచేశారు.

అదే కార్టూన్‌లో బాంబు పేలగానే పిల్లి మొహం మసిబారి, పెదాలు లావై, నెత్తిన పిలకలు లేస్తాయి. నల్లవాళ్ల వేషం కట్టి తెల్లవాళ్లు ఆడిన ఎగతాళి ప్రదర్శనల నుంచి వచ్చిన జోకు అది. మన ఇళ్లలో పడీపడీ నవ్విన పిల్లలకు ఆ చరిత్ర తెలియదు. మసి మొహం చూస్తే నవ్వాలన్నది మాత్రం వాళ్లకు పట్టుబడింది.

డిస్నీ చరిత్ర ఇంతకంటే పొడుగు, ఇంతకంటే బాగా తెలిసినది. 'డంబో' (1941) లోని కాకుల గుంపు నాయకుడికి తయారీ కాగితాల్లో పెట్టిన పేరు, అమెరికాలో నల్లవాళ్లను వేరుచేసిన చట్టాలకున్న జిమ్ క్రో అన్న పేరే. 'పీటర్ పాన్' (1953) అమెరికా ఆదివాసులను, 'లేడీ అండ్ ది ట్రాంప్' (1955) సియామీ పిల్లుల వేషంలో ఆసియావాళ్లను ఎగతాళి చేశాయి. 'అలాద్దీన్' (1992) మొదటి పాటలో అరబ్బుల దేశాన్ని చెవులు కోసే దేశంగా చెప్పిన చరణాన్ని అరబ్ అమెరికన్ల సంస్థ నిరసన తర్వాత 1993 వీడియోలో మార్చారు. అదే సినిమాలో నాయిక, నాయకుడు అచ్చమైన అమెరికన్ యాసలో మాట్లాడతారు. బజారులో కత్తి దూసేవాళ్లకే అరబ్ యాస. 2020 అక్టోబరులో డిస్నీ తన ఆన్‌లైన్ వేదికలో పాత సినిమాల ముందు గట్టి హెచ్చరిక పెట్టింది. 2025లో ఆ మాటలను మెత్తబరిచింది.

యాసకూ చెడ్డతనానికీ ఉన్న ఈ ముడిని లెక్కగట్టి చూపినవారు రొసీనా లిప్పీ-గ్రీన్. 1997లో వచ్చిన ఆమె పుస్తకంలో డిస్నీ పూర్తినిడివి చిత్రాల్లోని 371 పాత్రల పరిశీలన ఉంది. అమెరికన్ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లలో దాదాపు 20 శాతం చెడ్డవాళ్లు కాగా, విదేశీ యాసతో మాట్లాడేవాళ్లలో దాదాపు 40 శాతం చెడ్డవాళ్లు.

ధోలక్‌పూర్‌లో ఎవరి పని ఏమిటి

'ఛోటా భీమ్' భారతీయ పిల్లలకు సొంత వీరుణ్ణి ఇచ్చింది. అప్పటిదాకా టీవీ తెర మీద ఎక్కువగా జపాను పిల్లలు, అమెరికా పిల్లలే తిరిగేవాళ్లు. పంచెకట్టుకుని లడ్డూలు తినే కుర్రాడు రావడం చిన్న సంగతి కాదు. అందుకే అతని ఊరు ధోలక్‌పూర్‌ను కాస్త దగ్గరగా చూడటం అవసరం.

భీముడి బలం లడ్డూ తింటే వస్తుంది. ఆ లడ్డూలు టున్‌టున్ మౌసీ దుకాణంలోవి. ఆమె కూతురు చుట్కీ. పోరు ముదిరి, భీముడు నేలకు ఒరిగి, శత్రువు పగలబడి నవ్వే చోట చుట్కీ చేయాల్సిన పని ఒకటుంటుంది: లడ్డూ విసరడం. భీముడు గాల్లో లడ్డూ అందుకుంటాడు, కండలు పొంగుతాయి, సంగీతం మారుతుంది. చుట్కీకి తెలివి ఉంది, ధైర్యం ఉంది, కొన్ని భాగాల్లో స్వయంగా తలపడుతుంది కూడా. అయినా వారాలు, ఏళ్లు గడిచాక పిల్లల మనసులో మిగిలేది లడ్డూ విసిరే చెయ్యే. వండేదీ వడ్డించేదీ ఆడవాళ్లు, తిని గెలిచేది మగపిల్లవాడు.

కాలియా సంగతి ఇంకా స్పష్టం. బండ ఒళ్లు, బోడి గుండు, మిగతా పిల్లల కంటే ముదురు ఛాయ, పేరులోనే నలుపు. భీముడంటే అసూయ. ప్రతి భాగంలో ఏదో పన్నాగం పన్ని బోర్లా పడటం అతని ఉద్యోగం. పక్కన ఢోలు, భోలు అనే కవలలు వంతపాడతారు. కాలియా పూర్తి విలన్ కాడు, ఆపద వస్తే భీముడి వైపే నిలబడతాడు. అది రచయితల మంచితనమే. అయితే ఈర్ష్యకు, తిండిపోతుతనానికి, ఓటమికి ఒక రంగూ ఒక ఒళ్లూ ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు వాళ్ల చెయ్యి ఎటు పోయిందో చూడాలి. బడిలో కాస్త నల్లగా, లావుగా ఉన్న పిల్లవాడికి ఇలాంటి పేరు అంటగట్టడానికి తోటి పిల్లలకు అరక్షణం పట్టదు. టున్‌టున్ పేరు కూడా తన ఒంటి మీద జోకులతో బతికిన పాత హిందీ హాస్యనటిని గుర్తుచేసేదే.

2020 జూన్‌లో భీముడు చివరికి చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెళ్లాడాడన్న పుకారు సామాజిక మాధ్యమాల్లో చెలరేగింది. 'చుట్కీకి న్యాయం' కావాలన్నారు జనం. వాళ్లింకా చిన్నపిల్లలు, పెళ్లి లేదు ఏమీ లేదని కంపెనీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. సరదాగా మొదలైన ఆ రభసలో చుట్కీకి జరిగిన అన్యాయం పెళ్లికొడుకు దొరక్కపోవడమే అనుకున్నారు. లడ్డూల చాకిరీ గురించి అడిగినవాళ్లు అంతగా కనబడలేదు. అన్నట్టు, భారతంలో భీముడు అడవిలో పెళ్లాడింది హిడింబిని, ఒక రాక్షస స్త్రీని. అసలు భీముడికి లేని పట్టింపు ఈ బుల్లి భీముడి అభిమానులకు ఎక్కడి నుంచి వచ్చిందో!

ధోలక్‌పూర్‌లో కులం పేరు వినబడదు. రాజు, కోట, మిఠాయి దుకాణం, సాధువు, దొంగలు ఉంటారు. ఇంకాస్త వెతికితే లేనివాళ్లు తెలుస్తారు. భీమ్, చుట్కీ, రాజు, కాలియా, ఢోలు, భోలు, ఇందుమతి అన్న ప్రధాన బాలల పేర్లలో ఒక్క ముస్లిం పేరు, ఒక్క క్రైస్తవ పేరు లేదు. ఛార్మినార్ ఉన్న ఊళ్లో పుట్టిన బొమ్మల లోకం ఇది. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు తండాల నుంచి వచ్చిన లంబాడా పిల్లలు కూడా ఈ లోకంలో తమవాళ్లను వెతుక్కోలేరు. తిట్టడం ఒక రకం వివక్ష. అసలు ఉన్నట్టే గుర్తించకపోవడం మరో రకం, ఇది పట్టుకోవడం ఇంకా కష్టం.

రాక్షసుల రంగు

ఈ మూసలన్నీ పడమటి నుంచి దిగుమతి అయ్యాయనడం సత్యం కాదు. తెర వెనక దీపం పెట్టి బొమ్మలాడించే విద్య మనకు తోలుబొమ్మలాటగా ఏనాటి నుంచో ఉంది. అందులో కథ మధ్య నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క, జుట్టు పోలిగాడు వస్తారు. బంగారక్క మీద బూతు జోకులు లేకపోతే ఆట రక్తి కట్టదనే కాలం ఉండేది. దేవుళ్లకో రూపం, రాక్షసులకో రూపం, ఎగతాళి మనుషులకో రూపం అన్న పంపకం అప్పటిదే.

యానిమేషన్ వచ్చాక ఒక విచిత్రం జరిగింది. కథల్లో నల్లనివాళ్లని చెప్పుకునే రాముడు, కృష్ణుడు తెర మీద ఆకాశనీలం అయ్యారు. అసలైన నలుపు, మట్టి రంగు రాక్షసులకు మిగిలాయి. కాలెండరు బొమ్మల నుంచి వచ్చిన అలవాటిది, కంప్యూటరు గ్రాఫిక్స్ దాన్ని మరింత నిగనిగలాడేలా చేశాయి. 'బాహుబలి' (2015) పిల్లల సినిమా కాకపోయినా పిల్లలు విరగబడి చూశారు. అందులో కాలకేయులు నల్లగా, మురికిగా, అర్థంకాని భాషలో అరుస్తూ వస్తారు. ఆ భాష కిలికిని మదన్ కార్కి ప్రత్యేకంగా తయారుచేశారు. నాగరికులు తెల్లగా, అనాగరికులు నల్లగా అన్న ఆ విభజన మీద అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. అదే లోకం 2017 నుంచి 'బాహుబలి: ది లాస్ట్ లెజెండ్స్' పేరుతో యానిమేషన్‌లోకీ నడిచింది.

మందు కూడా మన పురాణాల్లోనే ఉంది. ప్రహ్లాదుడు అసురుడి కొడుకు. 2025లో తెలుగులోనూ బాగా ఆడిన యానిమేషన్ చిత్రం 'మహావతార్ నరసింహ'కు కేంద్రం ఆ పిల్లవాడి భక్తే. ఘటోత్కచుడు రాక్షసి కొడుకు. 'మాయాబజార్' (1957) లో ఎస్.వి. రంగారావు వేసిన ఆ పాత్రను తెలుగు పిల్లలు భయపడి చూడలేదు, చంకలు గుద్దుకుంటూ చూశారు. ఆ సినిమాకు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, యాభై ఏళ్ల తర్వాత 2008లో 'ఘటోత్కచ్' అనే యానిమేషన్ చిత్రం తీసి బాల ఘటోత్కచుణ్ణే నాయకుణ్ణి చేశారు. రాక్షస పిల్లవాడు ముద్దొచ్చేలా ఉండగలడని చూపిన పని అది. దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

తెలంగాణలో ఇంకో దారి కూడా ఉండేది. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసే పొడవాటి పటాలను విప్పుతూ కథకులు ఊరూరా పురాణం చెప్పేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం. ఎవరి వాడలో పటం విప్పితే వాళ్ల మూలపురుషుడే నాయకుడు. కులాల గోడలు ఆ పటాల్లోనూ ఉన్నాయి, కాదనలేం. అయినా ఒక్కో కులపు పిల్లలు తమ తాతను ఎర్రని పటం మీద వీరుడిగా చూసుకోగలిగారు. ఇన్ని ఛానెళ్లున్న ఈ కాలంలో ఆ పాటి వైవిధ్యం కూడా పిల్లల తెర మీద లేదు.

యాస ఎవరిది

హైదరాబాదు శివార్లలోని తుర్కయంజాల్ ఒకప్పుడు మాసబ్ చెరువు కింద వ్యవసాయం చేసుకున్న పల్లె. ఇప్పుడు సాగర్ రోడ్డు పొడవునా కాలనీలు. నల్లగొండ, పాలమూరు, ఖమ్మం నుంచి, ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్న కుటుంబాలు. ఇలాంటి ఇంట్లో పిల్లవాడి చెవిలో ఒకే పూట మూడు నాలుగు రకాల మాట పడుతుంది. "ఏం జేస్తున్నవ్ బిడ్డా, బువ్వ తిన్నవా?" అంటుంది నాయనమ్మ. బడిలో ఇంగ్లీషు. టీవీ పెడితే హిందీ, లేదా "పదండి మిత్రులారా! మనం ఆ రాక్షసుణ్ణి ఎదుర్కోవాలి!" అనే డబ్బింగ్ తెలుగు. హిందీలో 'దోస్తోఁ' అన్నదల్లా 'మిత్రులారా' అవుతుంది. హైదరాబాదు పిల్లలు వీధిలో అనేది 'దోస్తు' అనే. అంటే పిల్లల నోట సహజంగా ఉన్న మాటను తీసేసి, ఎవరూ మాట్లాడని మాటను పెట్టారన్నమాట. వీరుడు ఎప్పుడూ ఆ ఇస్త్రీ తెలుగే మాట్లాడతాడు. నాయనమ్మలా మాట్లాడే వీరుడు లేడు, రాణి లేదు, శాస్త్రవేత్త లేడు.

తెలుగు సినిమాల్లో దశాబ్దాలపాటు తెలంగాణ యాస రౌడీలకు, పనివాళ్లకు, హాస్యగాళ్లకు దక్కింది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ విషయం మీద పెద్ద చర్చే నడిచింది. 'ఫిదా' (2017) లో కథానాయిక, 'బలగం' (2023) లో ఇంటిల్లిపాదీ ఆ యాసలోనే మాట్లాడి జనాన్ని మెప్పించాక పెద్దల సినిమాలో గాలి మారింది. ఆ మార్పు పిల్లల బొమ్మల డబ్బింగ్ గదుల్లోకి ఇంకా రాలేదు. ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసల పరిస్థితీ ఇంతే.

హిందీ కార్టూన్లలో మనమే నవ్వులపాలవడం మరో ముచ్చట. 2012లో మొదలైన 'మోటూ పత్లూ'లో ఇన్‌స్పెక్టర్ చింగమ్ దక్షిణాది యాస హిందీ మాట్లాడుతూ రజనీకాంత్ ఫక్కీలో విన్యాసాలు చేస్తాడు. దక్షిణాదిలో నాలుగు పెద్ద భాషలున్నాయన్న సంగతి ఆ పాత్ర చూసి ఎవరికీ తెలియదు. సముద్రం దాటితే ఇదే కథ 'ది సింప్సన్స్'లోని కిరాణా కొట్టు అపూది. తెల్లజాతి నటుడు హ్యాంక్ అజారియా దొంగ భారతీయ యాసలో ఆ గొంతు ఇచ్చేవాడు. అమెరికాలో పెరిగిన భారతీయ పిల్లలను బళ్లో ఆ యాసతోనే వెక్కిరించేవారు. దాన్ని నిలదీస్తూ 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ చేసిన హాస్యకారుడు హరి కొండబోలు తెలుగు తల్లిదండ్రుల బిడ్డ. 2020లో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానేశాడు.

డబ్బింగ్‌లో మూసకు మూస జతపడటం కూడా ఉంటుంది. 2019 'ది లయన్ కింగ్' తెలుగు రూపంలో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతు ఇచ్చారు. వినడానికి సరదాగానే ఉంటుంది. తెలుగు తెర మీద ఎవరు నాయకుడు, ఎవరు ప్రతినాయకుడు, ఎవరిని చూస్తే నవ్వాలి అన్న పాత లెక్క అడవిలోకి యథాతథంగా బదిలీ అయింది.

ఆడపిల్లకు ఎన్ని మాటలు

భాషావేత్తలు కార్మెన్ ఫాట్, కారెన్ ఐసెన్‌హావర్ 2016లో డిస్నీ రాకుమారి చిత్రాల సంభాషణలు లెక్కబెట్టారు. 'అలాద్దీన్'లో 90 శాతం మాటలు మగపాత్రలవి. 'ములాన్' (1998) లో దేశాన్ని కాపాడేది అమ్మాయే అయినా 77 శాతం మాటలు మగవాళ్లవే. 1950 నాటి 'సిండ్రెల్లా'లో మాత్రం ఆడవాళ్ల మాటలే ఎక్కువ. పాత సినిమా వెనకబడిందనీ కొత్తది ముందుకు వెళ్లిందనీ కళ్లు మూసుకుని చెప్పలేమన్నమాట. నాయిక ఒక్కర్తే ఉండి, ఆమె చుట్టూ స్నేహితుడు, గుర్రం, పక్షి, దుకాణదారు, భటుడు అందరూ మగవాళ్లు కావడం దీనికి మూలం. ప్రత్యేక కారణం లేకపోతే పాత్రను మగగా గీయడం చేతికి అలవాటు.

దక్షిణాసియాలో దీనికి ఎదురు నిలిచిన ప్రయత్నం యూనిసెఫ్ 1990ల్లో తెచ్చిన 'మీనా'. భారతీయ యానిమేషన్ పితామహుడని పేరున్న రామ్‌మోహన్ (1931–2019) దీనికి రూపకర్తల్లో ఒకరు. తోడబుట్టిన రాజుకు పెద్ద ముక్క, తనకు చిన్న ముక్క ఎందుకని తొమ్మిదేళ్ల మీనా మామిడిపండు పంపకం దగ్గర అడుగుతుంది. ఇంటి గడప లోపలి వివక్షను బొమ్మల్లో ఇంత సూటిగా చూపిన పని మన ప్రాంతంలో మళ్లీ రాలేదు.

వైకల్యం, పిచ్చి

కొక్కెం చెయ్యి, ఒంటికన్ను, గూని, కుంటి నడక పిల్లల కథల్లో ప్రతినాయకుడి గుర్తులు. 'ఫైండింగ్ నీమో' (2003) ఒక రెక్క చిన్నదైన చేపపిల్లను నాయకుణ్ణి చేసి ఆ దారి కాస్త మార్చింది. మానసిక వ్యాధుల విషయంలో మార్పు ఇంకా తక్కువ. 2004లో ఆండ్రియా లాసన్, గ్రెగరీ ఫౌట్స్ 34 డిస్నీ చిత్రాలు పరిశీలిస్తే 85 శాతం వాటిలో ఏదో ఒక పాత్రను పిచ్చిదన్న ప్రస్తావన ఉంది. తెలుగు డబ్బింగ్‌లో ఇది 'పిచ్చోడా', 'మెంటల్' అయి ధారాళంగా వస్తుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరునే తిట్టుగా వాడుకునే ఊరు మనది కనుక ఎవరికీ తప్పుగా తోచదు.

పిల్లల మీద పడే ముద్ర

ఇక్కడ తొందరపడి తీర్పులివ్వకూడదు. 1940ల్లో కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మ వైపు చూపారు. అమెరికా బడుల్లో జాతుల వేర్పాటును కొట్టేసిన 1954 తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. చుట్టూ ఉన్న సమాజం పిల్లలకు ఏం నేర్పుతుందో అది చూపింది, ఒక్క సినిమా ఏం చేస్తుందో కాదు. సారా కోయిన్ బృందం 2016లో 198 మంది చిన్నపిల్లల మీద అధ్యయనం ప్రచురించింది. రాకుమారి బొమ్మలతో ఎక్కువ గడిపిన పిల్లలు ఏడాది తర్వాత ఆడపిల్లలు ఇలాగే ఉండాలన్న పద్ధతులను మరింతగా పాటించారు. అదే పిల్లలను పెద్దయ్యాక మళ్లీ చూసి 2021లో ప్రచురించిన ఫలితం ఇందుకు తిరగబడింది: రాకుమారులను ఇష్టపడినవాళ్లు ఆడ మగ విషయంలో కాస్త ఉదారంగానే ఆలోచిస్తున్నారు. కథ ఒక్కటే పిల్లలను తయారుచేయదు. ఇంట్లో ఎవరు వంట చేస్తారు, బడిలో ఎవరిని ఏమని పిలుస్తారు, పుట్టిన పాపను చూడగానే చుట్టాలు ముందు అడిగేది ఛాయ గురించా కాదా, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. కార్టూన్ ఆ మాటలకు సాక్ష్యం పలుకుతుంది, అదీ రోజుకు గంటల తరబడి.

నియమాలు, ఫిర్యాదులు

థియేటర్‌కు వచ్చే బొమ్మల సినిమాకు సెన్సార్ ధ్రువపత్రం కావాలి. బోర్డు మార్గదర్శకాల్లో స్త్రీలను కించపరచడం, శారీరక మానసిక వైకల్యం ఉన్నవాళ్లను ఎగతాళి చేయడం, జాతి మత సమూహాలను తూలనాడటం కూడదని ఉంది. 2023 సవరణతో యూఏ ధ్రువపత్రం 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడిపోయింది. 2024 జులైలో నిపుణ్ మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, వైకల్యం ఉన్నవాళ్లను చులకన చేసే హాస్యం వేరు అని గీత గీసింది.

టీవీ కార్టూన్లకు 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు వర్తిస్తాయి. జాతి, భాష, ప్రాంతాలను బట్టి కొందరిని చులకనగా, వెటకారంగా చూపే దృశ్యాలు, మాటలు ప్రసారం చేయకూడదని ఆరో నియమం చెబుతుంది. కాలియా పేరు, చింగమ్ యాస దీని కిందికి వస్తాయా అన్నది వాదించదగ్గ విషయమే. 2021 సవరణ ప్రకారం ప్రేక్షకుడు ముందుగా ఛానెల్‌కు ఫిర్యాదు పంపవచ్చు. ఛానెల్ 15 రోజుల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే ప్రసార సంస్థల స్వీయ నియంత్రణ సంఘానికి, అక్కడా తేలకపోతే కేంద్ర ప్రభుత్వానికి వెళ్లవచ్చు. ఇందుకు వకీలు అక్కర్లేదు. కార్యక్రమం పేరు, ప్రసారమైన తేదీ, సమయం, అభ్యంతరకరమైన సన్నివేశం రాసి పంపితే చాలు.